స్త్రీ జననాంగ ఛేదన నిర్మూలన: చట్టసభల పాత్ర

నిర్వచనం

వైద్య అవసరమేదీ లేకుండా ఆడపిల్లల, స్త్రీల బాహ్య జననాంగాన్ని కొంతగానీ పూర్తిగాగానీ కోసివేయడాన్ని, మరే విధంగానైనా గాయపరచడాన్ని స్త్రీ జననాంగ ఛేదనం అంటారు. అంతర్జాతీయ పత్రాల్లో దీని పొట్టిపేరు ఎఫ్‌జీఎం. మన పత్రికలు ఒక్కోసారి దీన్ని ‘ఆడపిల్లల సున్తీ’ అని రాస్తుంటాయి. మగపిల్లలకు చేసే సున్తీతో పోల్చే ఈ మాట జరిగే హానిని చిన్నదిగా చూపిస్తుంది. అందుకే చాలామంది వైద్యులు, న్యాయనిపుణులు దాన్ని వాడరు. ఆచారాన్ని సమర్థించేవారికి ‘ఛేదనం’ అన్న మాటే అభ్యంతరం. వాడే మాట మీద కోర్టుల్లో కూడా వాదాలు నడిచాయి (చూ. ‘చట్టంలో మాట’).

ఈ ఆచారాన్ని ఆపడానికి ఎన్నికైన ప్రజాప్రతినిధులు ఏం చేశారు, మహిళా సంఘాలు, బాధితులు, వైద్యులు వారితో కలిసి ఎలా పనిచేశారు, ఎక్కడ గెలిచారు, ఎక్కడ ఆగిపోయారు అన్నది ఈ వ్యాసం పరిధి.

రకాలు, హాని

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నాలుగు రకాలుగా విభజించింది. యోనిశీర్షాన్నిగానీ దానిపై ముసుగులా ఉండే చర్మాన్నిగానీ కోసేది మొదటి రకం. దాంతోపాటు లోపలి పెదవులను కూడా తీసేసేది రెండోది. మూడోది అన్నిటికంటే దారుణం: పెదవులను కోసి, అంచులు దగ్గరకు చేర్చి మూసేస్తారు. మూత్రానికి, నెలసరికి చిన్న రంధ్రం మాత్రం మిగులుతుంది. సోమాలియా, సూడాన్, జిబూతీ ప్రాంతాల్లో ఇది ఎక్కువ. గుచ్చడం, గాట్లు పెట్టడం, కాల్చడం వంటివి నాలుగో రకం కిందికి వస్తాయి.

రక్తస్రావం, ధనుర్వాతం, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వెంటనే ఎదురయ్యే ప్రమాదాలు. పెళ్లయ్యాక నొప్పి, కాన్పు కష్టం కావడం, బిడ్డ దక్కకపోవడం తర్వాతి కాలపు కష్టాలు. మనసు మీద పడే దెబ్బ వీటికి అదనం. ఆరోగ్యపరంగా ఒక్క మేలు కూడా లేదు.

వ్యాప్తి

2024లో యునిసెఫ్ విడుదల చేసిన లెక్కల ప్రకారం 31 దేశాల్లో 23 కోట్ల మందికి పైగా స్త్రీలు, బాలికలు ఈ కోతకు గురై జీవిస్తున్నారు. వీరిలో 14.4 కోట్ల మంది ఆఫ్రికాలో, సుమారు 8 కోట్ల మంది ఆసియాలో, 60 లక్షల మంది మధ్యప్రాచ్యంలో ఉన్నారు. ఎనిమిదేళ్ల ముందు అంచనాతో పోలిస్తే ఈ సంఖ్య 3 కోట్లు పెరిగింది. ఆచారం తగ్గుముఖం పట్టిన దేశాల్లో కూడా జనాభా వేగంగా పెరగడమే దీనికి ప్రధాన కారణం. 2030 నాటికి దీన్ని పూర్తిగా ఆపాలన్నది ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఒకటి.

సోమాలియాలో, గినియాలో దాదాపు స్త్రీలందరికీ కోత జరిగింది. కెన్యాలో 2022 సర్వే నాటికి 15–49 ఏళ్ల స్త్రీలలో ఇది 15 శాతం. ఇది ఏ ఒక్క మతానికో చెందిన ఆచారం కాదు. ముస్లింలు, క్రైస్తవులు, సంప్రదాయ ఆఫ్రికన్ మతస్థులు దీన్ని పాటిస్తున్నారు. అవే మతాలవారు కోట్లమంది దీని పేరు కూడా వినకుండా బతుకుతున్నారు.

ఆచారం ఎందుకు నిలిచింది

కోత లేని పిల్లకు పెళ్లి కాదన్న భయమే దీనికి పట్టుకొమ్మ. రాజనీతి శాస్త్రవేత్త జెర్రీ మాకీ 1996లో దీన్ని చైనాలోని పాదబంధనంతో పోల్చి వివరించాడు. ఒక కుటుంబం ఒక్కటే మానేస్తే ఆ ఇంటి పిల్ల నష్టపోతుంది. పెళ్లి సంబంధాలు కలుపుకునే ఊళ్లన్నీ కలిసి మానేస్తే ఎవరూ నష్టపోరు. సెనెగల్‌లో మాలికుండా బంబారా అనే ఊరి ఆడవాళ్లు 1997 జులై 31న ఆచారాన్ని వదిలేస్తున్నామని అందరి ముందూ ప్రకటించారు. తోస్తాన్ అనే సంస్థ నడిపిన తరగతుల్లో చదువుకున్నవాళ్లు వాళ్లు. చుట్టుపక్కల ఊళ్లు ఆ దారి పట్టాయి. సెనెగల్ పార్లమెంటు 1999 ఆరంభంలో నిషేధ చట్టం చేసింది.

చట్టసభ సభ్యుడి పని ఎంత చిక్కో మాకీ వివరణను బట్టి తెలుస్తుంది. అందరూ ఒకేసారి మానడానికి చట్టం ఒక సాకు ఇవ్వగలదు. ‘సర్కారు ఒప్పుకోదు, జైల్లో వేస్తారు’ అని అత్తగారికి చెప్పుకునే వీలు కోడలికి దొరుకుతుంది. అయితే ఆ సాకు చెల్లాలంటే చట్టం తమదేనని ఊరు అనుకోవాలి.

వలస పాలనలో నిషేధాలు

ఊరు తమదనుకోని చట్టాలు ఏమయ్యాయో చరిత్రలో ఉంది. బ్రిటిష్ పార్లమెంటులో ఈ మాట మొదటిసారి గట్టిగా వినిపించింది 1929 డిసెంబరు 11న. కామన్స్ సభలో అథాల్ డచెస్ కెన్యా గురించి మాట్లాడుతూ అక్కడి బాలికల మీద జరిగే కోతను వివరించింది. సభలో అప్పుడున్న అతి కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకరు. మరో మహిళా ఎంపీ ఎలినార్ రాత్‌బోన్ కూడా ఈ విషయాన్ని పట్టుకుంది. వారి ఆవేదన నిజమైనదే. కానీ ఎవరి పిల్లల గురించి మాట్లాడారో ఆ కికుయూ తెగ స్త్రీలకు ఆ సభలో ఓటూ లేదు, మాటా లేదు. సరిగ్గా అదే కాలంలో కెన్యాలో మిషనరీలు కోతను వదులుకోవాలని పట్టుబట్టడంతో వేలమంది కికుయూలు చర్చిలను, మిషన్ బడులను వదిలి బయటికొచ్చారు. ఆచారం స్వాతంత్ర్య పోరాటానికి గుర్తుగా మారిపోయింది.

సూడాన్‌లో బ్రిటిష్ ప్రభుత్వం మూడో రకం కోతను నిషేధించింది. 1946లో రుఫా పట్టణంలో కూతురికి కోత చేయించిన తల్లిని అరెస్టు చేస్తే, మహమూద్ మొహమ్మద్ తాహా నాయకత్వంలో జనం తిరగబడ్డారు. తాహా జైలుకు వెళ్లాడు.

అన్నిటికంటే ఆలోచింపజేసేది కెన్యాలోని మేరు ప్రాంతపు ఉదంతం. 1956లో అక్కడి మగపెద్దల మండలి న్జురి న్చెకె, వలస అధికారుల ప్రోత్సాహంతో కోతను నిషేధించింది. ఆడపిల్లలు బ్లేడ్లు కొనుక్కుని అడవుల్లోకి వెళ్లి ఒకరికొకరు కోసుకున్నారు. వాళ్లకు ‘న్గైతానా’ అనే పేరు వచ్చింది. ‘నన్ను నేనే కోసుకుంటాను’ అని దాని అర్థం. తర్వాతి మూడేళ్లలో 2,400 మందికి పైగా మీద కేసులు పెట్టారు. తమను హింస నుంచి కాపాడతామని వచ్చిన ఉత్తర్వుకు ఆ పిల్లలు తమ ఒంటినే ఎదురొడ్డారు. ఎవరినీ అడగకుండా పైనుంచి దింపిన నిషేధం ఏం చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ లేదు.

అంతర్జాతీయ ఒప్పందాలు, పార్లమెంటరీ వేదికలు

స్వతంత్ర దేశాల ప్రతినిధులు ఈ పనిని ఎక్కువగా తమ చేతుల్లోకి తీసుకున్నది 1990ల నుంచి. 2003 జులై 11న ఆఫ్రికా యూనియన్ స్త్రీల హక్కులకు సంబంధించిన మపూటో ప్రొటోకాల్‌ను ఆమోదించింది. దాని ఐదో అధికరణం అన్ని రకాల కోతనూ చట్టం ద్వారా నిషేధించాలని దాన్ని ఆమోదించిన దేశాలను ఆదేశిస్తుంది. ప్రొటోకాల్ 2005 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఆ మరుసటి నెలలోనే అంతర్ పార్లమెంటరీ యూనియన్, సెనెగల్ జాతీయ సభ, యునిసెఫ్ కలిసి డకార్‌లో ఆఫ్రికన్ పార్లమెంటు సభ్యుల సమావేశం జరిపాయి. కోతను మాన్పించడంలో జాతీయ పార్లమెంటుల పాత్రే దాని చర్చాంశం. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం కోతను ఆపాలని 2012 డిసెంబరు 20న ఏకాభిప్రాయంతో తీర్మానం చేసింది. ఐరోపాలో 2011 నాటి ఇస్తాంబుల్ ఒప్పందం 38వ అధికరణం ఇదే బాధ్యతను పెట్టింది.

ఏటా ఫిబ్రవరి 6ను కోతను ఏమాత్రం సహించబోమని చాటే దినంగా పాటిస్తారు. 2003లో ఆ రోజున నైజీరియా అధ్యక్షుడి భార్య స్టెల్లా ఒబసాంజో చేసిన ప్రకటన దీనికి మూలం. చాలా దేశాల్లో మహిళా సంఘాలు ఎంపీలను కలవడానికి, బిల్లుల స్థితి అడగడానికి ఈ తేదీని వాడుకుంటాయి.

శాసనకర్తల చేతిలోని సాధనాలు

బిల్లు ఒక్కటే సాధనం కాదు. ప్రభుత్వం ముందుకు రాకపోతే సభ్యుడు తానే ప్రైవేటు బిల్లు పెట్టవచ్చు. ఉగాండాలో 2010 నాటి చట్టం క్రిస్ బర్యోమున్సి అనే వైద్యుడైన ఎంపీ పెట్టిన ప్రైవేటు బిల్లు నుంచే వచ్చింది. ప్రశ్నోత్తరాల సమయంలో ఎన్ని కేసులు పెట్టారు, ఎన్ని శిక్షలు పడ్డాయి అని అడిగితే ప్రభుత్వం లెక్క చెప్పాల్సి వస్తుంది. స్థాయీ సంఘాలు బాధితులను, వైద్యులను, మతపెద్దలను పిలిచి వినగలవు. బడ్జెట్ మీద పట్టు మరో బలం. కోత వల్ల వచ్చే ఆరోగ్య సమస్యలన్నిటికీ చికిత్స చేయాలంటే ఏటా 140 కోట్ల డాలర్లు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో అంచనా వేసింది. హక్కుల మాటకు కదలని ఆర్థికశాఖలు ఈ అంకె విని కదిలే అవకాశం ఉంటుంది.

వీటన్నిటికంటే కంటికి కనిపించనిది నియోజకవర్గంలో చేసే పని. సభలో చేతులెత్తి ఓటేసిన సభ్యుడు సొంత ఊళ్లో కోత వేడుకకు అతిథిగా వెళ్తే, ఊరు గుర్తుపెట్టుకునేది వేడుకనే.

సరిహద్దులు ఇంకో చిక్కు. కెన్యాలో పట్టుబడతామని ఉగాండాకో, టాంజానియాకో పిల్లలను తీసుకెళ్లి కోయించుకొచ్చే కుటుంబాలున్నాయి. తూర్పు ఆఫ్రికా శాసనసభ ఈ కారణంగానే ప్రాంతం మొత్తానికి వర్తించే బిల్లును 2017 జనవరిలో ఆమోదించింది. 2019 ఏప్రిల్‌లో మొంబాసాలో ఐదు దేశాల మంత్రులు కలిసి పనిచేయాలని అంగీకరించారు.

కెన్యా

ఎన్నికైన ప్రతినిధులు తమ సమాజంలో నిలబడి మార్పు తెచ్చిన తీరుకు కెన్యా మంచి ఉదాహరణ. అధ్యక్షుడు డేనియల్ అరప్ మొయి 1982లోనే కోతకు వ్యతిరేకంగా ఆదేశమిచ్చాడు. ఫలితం అంతంతమాత్రం. 1996లో నిషేధానికి పార్లమెంటులో పెట్టిన తీర్మానం ఓడిపోయింది. 2001 బాలల చట్టం 18 ఏళ్లలోపు వారికి కోతను నిషేధించినా, పెద్దవాళ్ల సంగతి వదిలేసింది. పెళ్లి నాడో, మొదటి కాన్పుకు ముందో ఆడదానికి కోత చేసేసే దారి తెరిచే ఉండిపోయింది.

2002 ఎన్నికల్లో మరక్వెట్ ఈస్ట్ నుంచి లీనా జెబీ కిలిమో పోటీ చేసింది. చిన్నతనంలో కోతను తప్పించుకున్న స్త్రీ ఆమె. కోత లేని ఆడది ఇంకా పిల్లకిందే లెక్క, అలాంటిదానికి నాయకత్వమేమిటని ప్రత్యర్థులు ప్రచారం చేశారు. ఆమె గెలిచింది, తర్వాత మంత్రి కూడా అయింది. ఆ గెలుపు ఆమె ఒక్కదానిది కాదు. ఈ విషయం మాట్లాడితే ఓట్లు పోతాయన్న భయానికి అది జవాబు.

2011 బిల్లును పార్లమెంటులో ప్రవేశపెట్టింది మౌంట్ ఎల్గాన్ ఎంపీ ఫ్రెడ్ కపొండి. కోత ఆచారమున్న ప్రాంతం నుంచి వచ్చిన పురుషుడు. కెన్యా మహిళా పార్లమెంటు సభ్యుల సంఘం పార్టీలకతీతంగా వెనక నిలిచింది. బయటివాళ్లు చెప్తే వినని సమాజానికి తమవాడే చెప్తున్నాడన్న తేడా ఇక్కడ పనిచేసిందని చెప్పవచ్చు. సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించింది, అదే నెల 30న అధ్యక్షుడు సంతకం చేశాడు.

చట్టం రాసిన తీరు చూస్తే ఊళ్లలో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు రాశారని అర్థమవుతుంది. కోత చేసినవారికే కాదు, ఇల్లు ఇచ్చినవారికి, పనిముట్లు దగ్గర ఉంచుకున్నవారికి, తెలిసీ చెప్పనివారికి, పిల్లను దేశం దాటించినవారికి కూడా శిక్ష ఉంది. కనీస శిక్ష మూడేళ్ల జైలు లేదా రెండు లక్షల షిల్లింగుల జరిమానా, లేదా రెండూ. పిల్ల చనిపోతే యావజ్జీవం. స్త్రీ అంగీకారం ఉందన్న వాదన చెల్లదు. కోత చేయించుకోని స్త్రీని, ఆమెను పెళ్లాడిన మగవాణ్ణి ఎగతాళి చేయడం, అవమానించడం కూడా నేరమే. ఆచారం ఆ ఎగతాళి బలం మీదే బతుకుతుందని తెలిస్తే తప్ప అలాంటి నిబంధన తట్టదు.

అమలు కోసం ప్రత్యేక బోర్డు ఏర్పాటైంది. దాని మొదటి అధ్యక్షురాలు లీనా కిలిమోయే. తర్వాత వివాదం కోర్టుకెక్కింది. పెద్దయిన స్త్రీ తన ఇష్టంతో చేయించుకుంటే ఆపే హక్కు రాజ్యానికి లేదని 2017లో ఒక వైద్యురాలు వ్యాజ్యం వేసింది. 2021 మార్చి 17న హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఊరంతా ఒత్తిడి పెట్టే చోట స్వేచ్ఛగా ఒప్పుకోవడం ఎంతవరకు సాధ్యమన్నది ఆ కేసులో కీలకమైన ప్రశ్న.

1998లో 38 శాతం, 2014లో 21 శాతం, 2022లో 15 శాతం: ఇవి దేశవ్యాప్త సర్వేల అంకెలు. తగ్గుదల చట్టానికి ముందే మొదలైంది కాబట్టి ఘనతంతా చట్టానిదే అనడం సరికాదు. బడి చదువు, చర్చి, పట్టణ జీవితం కూడా కారణాలే. ఈశాన్య కెన్యాలోని సోమాలీ ప్రాంతాల్లో మాత్రం ఆచారం ఇంకా చాలా బలంగా ఉంది.

గాంబియా

చేసిన చట్టాన్ని నిలబెట్టుకోవడం ఇంకో పోరాటం. గాంబియాలో 15–49 ఏళ్ల స్త్రీలలో 73 శాతం మందికి కోత జరిగింది. 2015 నవంబరులో నియంత యాహ్యా జమ్మే ఉన్నట్టుండి నిషేధం ప్రకటించాడు, డిసెంబరు చివర్లో జాతీయ సభ చట్టం చేసింది. అతను పదవి పోగొట్టుకుని దేశం విడిచాక చట్టం కాగితం మీదే ఉండిపోయింది. మొదటి శిక్షలు పడింది 2023 ఆగస్టులో. ముగ్గురు స్త్రీలకు 15 వేల దలాసీల చొప్పున జరిమానా వేస్తే, పేరున్న ఇమామ్ అబ్దౌలీ ఫాటీ ఆ డబ్బు కట్టాడు. అక్కడి నుంచి చట్టాన్ని ఎత్తివేయాలన్న ఉద్యమం ఊపందుకుంది.

2024 మార్చిలో ఫోని కన్సాలా సభ్యుడు అల్మామే గిబ్బా రద్దు బిల్లు పెట్టాడు. ముస్లింలు అత్యధికంగా ఉన్న దేశంలో ఈ నిషేధం మత, సంస్కృతి హక్కులను కాలరాస్తోందన్నది అతని వాదన. 58 మంది ఉన్న సభలో స్త్రీలు ఐదుగురే. మార్చి 18న జరిగిన ఓటింగులో 42 మంది బిల్లును ముందుకు పంపడానికి ఒప్పుకున్నారు, నలుగురే వ్యతిరేకించారు. ఒకసారి చేసిన నిషేధాన్ని ఎత్తేసిన మొదటి దేశంగా గాంబియా మిగిలిపోతుందని ప్రపంచమంతా భయపడింది.

బిల్లు ఆరోగ్య, మహిళా వ్యవహారాల ఉమ్మడి సంఘం ముందుకు వెళ్లడం వల్ల నాలుగు నెలల గడువు దొరికింది. ఆ గడువే ఫలితాన్ని మార్చింది. సంఘం వైద్యులను, మతపండితులను, కోత చేసే స్త్రీలను, బాధితులను విన్నది. చిన్నప్పుడు కోతకు గురైన జహా దుకురే, ఫాటూ బాల్డే వంటి కార్యకర్తలు తమ బతుకుల్లో జరిగినదాన్ని బహిరంగంగా చెప్పారు. నిషేధాన్ని కొనసాగించాలని సంఘం నివేదిక ఇచ్చింది, సభ దాన్ని ఆమోదించింది. జులై 15న రద్దు బిల్లులోని నిబంధనలు ఒక్కొక్కటే ఓడిపోయాయి. 34 మంది వ్యతిరేకంగా, 19 మంది అనుకూలంగా ఓటేశారు. బిల్లు అంతటితో ఆగిపోయిందని స్పీకర్ ప్రకటించాడు.

మార్చిలో 42 మంది, జులైలో 19 మంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్నదే ప్రజాప్రతినిధులతో పనిచేయడమంటే. నియంత నోట వచ్చిన నిషేధం, తొమ్మిదేళ్ల తర్వాత ఎన్నికైన సభ స్వయంగా చర్చించి నిలుపుకున్న చట్టంగా మారింది. ఓడినవారు ఆ తర్వాత సుప్రీంకోర్టు తలుపు తట్టారు.

ఓట్ల లెక్క: సియెరా లియోన్

అన్నిచోట్లా కథ ఇలా నడవలేదు. సియెరా లియోన్‌లో కోత బోండో అనే స్త్రీల రహస్య సమాజపు దీక్షలో భాగం. దాన్ని నడిపే ‘సోవెయి’లు ఊళ్లలో పలుకుబడి ఉన్న ఆడవాళ్లు, వాళ్ల మాట మీద ఓట్లు పడతాయి. ఎన్నికల కాలంలో రాజకీయ నాయకులు దీక్షల ఖర్చు భరించడం అక్కడ బాగా తెలిసిన సంగతే. 2007 బాలల హక్కుల బిల్లులో కోతను నిషేధించే నిబంధన ఉండగా, సభ ఆమోదం పొందేలోపు దాన్ని తీసేశారు. అక్కడి కార్యకర్తలు ఇప్పుడు సోవెయిలను శత్రువులుగా చూడకుండా, కోత లేని దీక్షకు వారిని ఒప్పించే పని చేస్తున్నారు. ఆ స్త్రీలు ఒప్పుకుంటే శాసనకర్తల భయం సగం తీరుతుంది.

బ్రిటన్

వలస వచ్చిన కుటుంబాలతోపాటు ఆచారమూ ఐరోపాకు వచ్చింది. ఘనాలో పుట్టిన ఎఫువా డోర్కెనూ లండన్‌లో 1983లో ఫార్వర్డ్ అనే సంస్థను స్థాపించింది. 1985లో కన్సర్వేటివ్ ఎంపీ మేరియన్ రో పెట్టిన బిల్లు బ్రిటన్‌లో మొదటి నిషేధ చట్టమైంది. దేశం బయటికి తీసుకెళ్లి చేయించడాన్ని కూడా నేరం చేస్తూ, గరిష్ఠ శిక్షను ఐదేళ్ల నుంచి 14కు పెంచుతూ 2003లో వచ్చిన చట్టం లేబర్ ఎంపీ ఆన్ క్లూయిడ్ బిల్లు ఫలితం. రెండూ ప్రైవేటు బిల్లులే, రెండూ పార్టీలకతీతంగా గట్టెక్కినవే.

కానీ ఏళ్లు గడిచినా ఒక్క శిక్ష పడలేదు. పిల్ల తల్లిదండ్రుల మీద సాక్ష్యం చెప్పదు, డాక్టరు అడగడు, టీచరుకు తెలియదు. 2014లో కామన్స్ హోం వ్యవహారాల సంఘం ఈ వైఫల్యాన్ని గట్టిగా ఎత్తిచూపింది. 2015లో సవరణలు వచ్చాయి. ప్రమాదంలో ఉన్న బాలిక కోసం కోర్టు ముందే రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. వైద్యులు, నర్సులు, టీచర్లు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. మొదటి శిక్ష 2019 ఫిబ్రవరిలో పడింది, మొదటి చట్టం వచ్చిన 34 ఏళ్లకు.

అదే నెల 8న కామన్స్‌లో ఒక విచిత్రం జరిగింది. రక్షణ ఉత్తర్వుల్లోని ఒక లోపాన్ని సరిచేసే చిన్న బిల్లును క్రిస్టఫర్ చోప్ అనే ఎంపీ ‘అభ్యంతరం’ అన్న ఒక్క మాటతో అడ్డుకున్నాడు. ప్రైవేటు బిల్లులను చర్చ లేకుండా పంపకూడదన్నది తన సూత్రమని చెప్పుకున్నాడు. సొంత పార్టీ వాళ్లే మండిపడ్డారు. ప్రభుత్వం తన సమయం కేటాయించి మార్చి మధ్యకల్లా దాన్ని చట్టం చేసింది.

చట్టంలో మాట

ముసాయిదాలో ఒక్క పదం తేడా వస్తే కేసు ఎలా తలకిందులవుతుందో రెండు దేశాల అనుభవం చెప్తుంది.

అమెరికాలో కాంగ్రెస్ సభ్యురాలు పాట్రిషియా ష్రోడర్ ఏళ్లతరబడి చేసిన ప్రయత్నంతో 1996లో సమాఖ్య నిషేధం వచ్చింది. 2017లో డెట్రాయిట్ దగ్గర దావూదీ బోహ్రా అనే ముస్లిం వర్గపు బాలికలకు కోత చేశారన్న అభియోగంతో ఆ చట్టం కింద తొలి పెద్ద కేసు పెట్టారు. ఇలాంటి నేరం మీద చట్టం చేసే అధికారం కాంగ్రెస్‌కు లేదని, అది రాష్ట్రాల పని అని 2018 నవంబరులో న్యాయమూర్తి చట్టాన్నే కొట్టేశాడు. రెండు పార్టీల సభ్యులు కలిసి, అంతర్రాష్ట్ర వాణిజ్యంతో నేరానికి ఉన్న సంబంధాన్ని స్పష్టంగా రాసి కొత్త చట్టం తెచ్చారు. 2021 జనవరి 5న అది అమల్లోకి వచ్చింది. కేసు జరిగిన మిషిగన్ రాష్ట్రం మాత్రం తీర్పు దాకా ఆగలేదు, 2017లోనే 15 ఏళ్ల దాకా జైలు పడేలా సొంత చట్టం చేసుకుంది.

ఆస్ట్రేలియాలో వివాదం ‘మ్యూటిలేట్’ అన్న మాట మీద. న్యూ సౌత్ వేల్స్ చట్టంలో ఆ మాటకు తీవ్రమైన గాయమనే అర్థమని, చిన్న గాటు దానికిందకు రాదని అప్పీలు కోర్టు 2018లో ముద్దాయిలను వదిలేసింది. 2019 అక్టోబరులో ఆస్ట్రేలియా హైకోర్టు దాన్ని తోసిపుచ్చి, ఎంత చిన్నదైనా గాయం గాయమేనంది. ఆ కేసు కూడా దావూదీ బోహ్రా కుటుంబానిదే.

ఈజిప్టుది మరో పాఠం. అక్కడ 2008లో నేరంగా ప్రకటించినా ‘వైద్య కారణం’ అన్న సందు వదిలారు. కోత చేసేది ఎక్కువగా డాక్టర్లే కావడంతో ఆ సందే రాజమార్గమైంది. 2016లో శిక్ష పెంచారు. 2021లో ఆ సందు మూసి, 20 ఏళ్ల దాకా జైలు పడేలా సవరించారు. ప్రపంచంలో కోతకు గురైన ప్రతి నలుగురిలో ఒకరికి ఆ పని చేసింది వైద్య సిబ్బందే అన్నది యునిసెఫ్ లెక్క. శుభ్రమైన గదిలో, మత్తుమందు ఇచ్చి చేసినా పిల్ల శరీరంలో భాగం పోవడంలో తేడా ఏమీ లేదు.

భారతదేశం

భారతదేశంలో ఈ ఆచారం ప్రధానంగా దావూదీ బోహ్రాలలో ఉంది. ఖత్నా, ఖఫ్జ్ అని పిలుస్తారు. ఏడేళ్ల వయసులో చేస్తారు. ఈ వర్గం గుజరాత్, మహారాష్ట్ర, రాజస్థాన్‌లలో ఎక్కువ. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో కూడా బోహ్రా కుటుంబాలు ఉన్నాయి. 2017లో కేరళలోని కోళికోడ్‌లో కూడా కోత జరుగుతోందని సహియో సంస్థ బయటపెట్టింది. ఆ సంస్థను, ఇదే పని చేసే ‘వి స్పీక్ అవుట్’ను నడిపేది ఎక్కువగా బోహ్రా స్త్రీలే. సహియో సర్వేలో 385 మంది స్త్రీలలో 80 శాతం మంది తమకు కోత జరిగిందన్నారు. 2018లో వచ్చిన మరో అధ్యయనంలో, మాట్లాడినవారి కూతుళ్లలో ఏడేళ్లు దాటినవారిలో సుమారు 75 శాతం మందికి జరిగినట్టు తేలింది. ఇవి చిన్న నమూనాలు, దేశం మొత్తానికి వర్తించే అంకెలు కావు.

‘వి స్పీక్ అవుట్’ స్థాపకురాలు మసూమా రనల్వీ తదితరులు 2015లో కేంద్రానికి బహిరంగ వినతి పంపారు. 2017లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ మంత్రి మేనకా గాంధీ, సమాజం తనంతట తాను మానకపోతే చట్టం తెస్తామంది. అదే ఏడాది డిసెంబరులో ఆమె శాఖే సుప్రీంకోర్టుకు, దేశంలో ఇది ఉందని చెప్పే అధికారిక గణాంకాలేవీ లేవని నివేదించింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ ప్రశ్నే అడగదు. అడగని ప్రశ్నకు జవాబు లేకపోవడాన్ని సాక్ష్యంగా చూపడం బోహ్రా స్త్రీలకు చేసిన అన్యాయం. 2018లో అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ ఇది ఇప్పటికే శిక్షాస్మృతి కింద నేరమేనని కోర్టుకు చెప్పాడు. సునీతా తివారీ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని 2018 సెప్టెంబరులో రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు. 2019 నవంబరు నాటి శబరిమల సమీక్ష తీర్పుతో ఆ ప్రశ్న మతస్వేచ్ఛకు సంబంధించిన ఇతర ప్రశ్నలతో కలిసి ఇంకా పెద్ద ధర్మాసనం ముందుకు వెళ్లింది.

ఆచారాన్ని సమర్థించే బోహ్రా స్త్రీల సంఘం కూడా ఈ కేసులో చేరింది. ఇది హాని లేని మతాచారమని, ఛేదనం కాదని వారి వాదన. గమనించదగిన మరో విషయం: ఆస్ట్రేలియా శిక్షల తర్వాత, 2016లో పాశ్చాత్య దేశాల్లోని బోహ్రా జమాతులు ఆయా దేశాల చట్టాన్ని పాటించి ఖత్నా చేయించవద్దని తమవారికి లేఖలు రాశాయి. చట్టం స్పష్టంగా ఉన్నచోట మతసంస్థ మాట మారింది. భారత్‌లో ప్రత్యేక చట్టం లేదు.

రాష్ట్ర శాసనసభలు

రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలో, నేరచట్టం ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. అంటే పార్లమెంటు కోసం ఆగకుండా రాష్ట్ర శాసనసభ కూడా ఈ విషయంలో ముందుకు రావచ్చు. అందుకు పూర్వోదాహరణ తెలుగువారికి బాగా తెలిసినదే. దేవదాసీ ఆచారానికి వ్యతిరేకంగా డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో 1927లో తీర్మానం తెచ్చింది. ఆంధ్ర జిల్లాలు అప్పుడు ఆ మండలి పరిధిలోనివే. మతంలో జోక్యమన్న అభ్యంతరం అప్పుడూ వచ్చింది. చట్టం కావడానికి 1947 దాకా పట్టింది. ఆ తర్వాత కూడా తెలంగాణ పల్లెల్లో జోగినుల పేరిట ఆచారం కొనసాగడంతో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో విడిగా మరో చట్టం చేయాల్సి వచ్చింది.